వియ్యంకుడికి మిలనేసా

మా పిన్నిని మా ఊరు ఇపోకి తీసుకురావడానికి కౌలాలంపూర్ అవతలున్న బంటింగ్ వెళ్లాను. నిజానికి వెళ్లాల్సింది మా చెల్లెలు లక్ష్మి. ఆమె పిన్నికి సొంత కూతురు, నేను అక్కకూతురిని. లక్ష్మి మా ఇంటికి మూడు వీధుల అవతలే ఉంటుంది. ఒక గురువారం సాయంత్రం ఫ్యాక్టరీ యూనిఫాం కూడా మార్చుకోకుండా మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

“అమ్మ ఫోన్ సేసినాది అక్కా. శనివారం లోపల వచ్చి తీసుకెళ్లిపో, నాలుగు రోజులు మీ ఇంట్ల ఉంటాను అంటంది. ఏటికమ్మా అంటే సెప్పలేదు. నాకు తెలీదా? ఆ పిల్ల అప్పా వస్తన్నాడు కదా, ఆయనకి రూమ్ కావాలి. అమ్మని ఎల్లమన్నారు లా.”

మాట చివర ‘లా’ చేర్చడం ఇక్కడ అందరికీ అలవాటు. ఆ పిల్లంటే మా తమ్ముడు, పిన్ని కొడుకు సూరి భార్య లూసియా; వస్తున్నది ఆమె తండ్రి. సూరి చాలా ఏళ్లు విహారయాత్రల ఓడల్లో వంట చేశాడు. అదే వంటశాలలో పనిచేసే అర్జెంటీనా అమ్మాయిని పెళ్లి చేసుకుని, మూడేళ్ల కిందట బంటింగ్ తిరిగొచ్చి, కింద కొట్టు, పైన ఇల్లు ఉన్న ఒక వాటా అద్దెకు తీసుకున్నాడు. కొట్లో వాళ్లు అమ్మేది మిలనేసా. పల్చగా కొట్టిన మాంసానికి గుడ్డు, రొట్టెపొడి పట్టించి నూనెలో వేయించే వంటకం. అర్జెంటీనాలో అది ఇంటి తిండి. అక్కడ ఎక్కువగా ఆవు మాంసంతో చేస్తారు. లక్ష్మి ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. బంటింగ్ కొట్లో కోడి, చేప తప్ప ఇంకేదీ ఉండదని సూరి ఎన్నిసార్లు చెప్పినా, ఈ మూడేళ్లలో ఆ గడప తొక్కలేదు. అమ్మను చూడాలంటే ఏదో గుడి పండగ పేరు చెప్పి ఇపోకే పిలిపించుకునేది.

“నాకు లీవ్ దొరకదు. నువ్వు ఎల్లక్కా,” అంది. నేను రిటైరై ఇంట్లోనే ఉన్నాను. పైగా ఆ కొట్టు చూడాలని నాకూ ఉంది. సరేనన్నాను.

శుక్రవారం పొద్దున్నే ఇపో స్టేషన్‌కి వెళ్లాను. టికెట్ ముందురోజే ఫోన్లో తీసుకున్నాను. వారం చివర్లో సీట్లు తొందరగా అయిపోతాయి కాబట్టి వెళ్లదలచినవాళ్లు ముందుగా తీసుకోవడం మంచిది. స్టేషన్లో ఒక కాఫీ తాగి ఎనిమిది దాటాక రైలెక్కాను. ఏసీ చలి ఎక్కువ. శాలువ తెచ్చుకున్నందుకు సంతోషించాను. ఊరు దాటేదాకా సున్నపురాతి గుట్టలు, ఆ తర్వాత అంతా పామాయిల్ తోటలే.

పక్క సీట్లో ఒక చైనీస్ పెద్దాయన ఉన్నాడు. కౌలాలంపూర్‌లో మనవరాలి దగ్గరకి వెళుతున్నాడు. ఎక్కడికని మలాయ్‌లో అడిగితే చెప్పాను.

“బంటింగా? ఆ ఊళ్లో బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు తప్ప ఏముంది?”

అర్జెంటీనా తిండి కొట్టు ఒకటి ఉందన్నాను. ఆయన కాసేపు ఆలోచించాడు. “అర్జెంటీనా అంటే నాకు ఫుట్‌బాల్ ఒకటే తెలుసు. వాళ్లేం తింటారో ఎప్పుడూ తట్టలేదు,” అని కళ్లు మూసుకున్నాడు.

కౌలాలంపూర్ సెంట్రల్లో దిగి, అదే స్టేషన్లో క్లాంగ్ వెళ్లే లోకల్ రైలు పట్టుకున్నాను. గంటకు పైనే పట్టింది. క్లాంగ్‌లో బంటింగ్ బస్సు కోసం చాలాసేపు నిలబడ్డాను. బస్సులో నా పక్కన మెడలో ఫ్యాక్టరీ కార్డు వేసుకున్న తమిళ అమ్మాయి కూర్చుంది. కొట్టు ఎక్కడో ఆమెనే అడిగాను.

“మిలా కడైయా ఆంటీ? ముట్టై పోట్టది వాంగుంగ,” అంది. మిలనేసా కొట్టా, గుడ్లు వేసింది తీసుకోండి అని. తర్వాత గొంతు తగ్గించి, ఆ కొట్టు తెల్లావిడ తెలుగు మాట్లాడుతుందని తమిళంలో చెప్పింది. “మా ఇంటి పక్కన తెలుగువాళ్లున్నారు. వాళ్ల పిల్లలకి కూడా అంత రాదు.”

బంటింగ్‌లో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సన్నగా వాన పడుతోంది. బస్టాండు నుంచి నడక దూరమే. మోటార్‌సైకిళ్లు బాగుచేసే షాపుకీ, పూలదండలు కట్టే షాపుకీ మధ్య ఉంది కొట్టు. తలుపులు లేవు, పైకెత్తే ఇనప షట్టరు మాత్రమే. లోపల ఆరు టేబుళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు, రెండు ఫ్యాన్లు. గోడ మీద నల్లబల్లపై సుద్దముక్కతో వంటకాలు రాసి ఉన్నాయి. ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్లు, ఒక మలాయ్ కుటుంబం, ఇద్దరు స్కూలు టీచర్లు తింటున్నారు. నూనె, వెల్లుల్లి వాసన వీధిలోకే వస్తోంది.

వంటింటి గుమ్మంలో లూసియా కనబడింది. తలకి గుడ్డ కట్టుకుంది. మోచేతులదాకా రొట్టెపొడి.

“రండి వొదినా! బస్సు దొరికినాదా? తడిసిపోనారు. కూకోండి, కూకోండి. ఏటి తింతారు?”

పెళ్లిలో చూసినప్పుడు ఆ అమ్మాయికి నమస్కారం అన్న మాట ఒక్కటే వచ్చు. ఇప్పుడు మా అమ్మమ్మ మాట్లాడిన యాసలో, దీర్ఘాలు ఇంకాస్త సాగదీస్తూ మాట్లాడుతోంది. పిన్నికి తెలుగు, తమిళం, బజారు మలాయ్ తప్ప రావు. ఇంట్లో రోజంతా ఉండేది వాళ్లిద్దరే. ఇద్దరిలో ఎవరో ఒకరు నేర్చుకోక తప్పలేదని, మొదట నేర్చుకున్న మాటలు ఉప్పు, నిప్పు, వదిలేయమని చెప్పే ఒగ్గేయ్ అని లూసియా నవ్వుతూ చెప్పింది. లక్ష్మి పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తారు.

బస్సులో అమ్మాయి చెప్పినట్టే గుడ్లు వేసింది అడిగాను. పళ్లెం నిండా పరుచుకున్న కోడిమాంసం, దాని మీద రెండు వేయించిన గుడ్లు, పక్కన వేయించిన బంగాళాదుంపలు, సగానికి కోసిన చిన్న నిమ్మకాయలు, ఒక గిన్నెలో సంబల్ కారం. పైపొర కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. మాంసానికి వెల్లుల్లి, ఉప్పు, ఏదో ఆకు పట్టాయి. నిమ్మకాయ పిండుకుంటే ఇంకా బాగుంది. అన్నం లేనిదే తిన్నట్టుండదు అనేవాళ్లకి అన్నం కూడా పెడతారు. పదిహేను రింగిట్లలో కడుపు నిండుతుంది. పక్క టేబుల్ టీచరు ఒకామె, “చికెన్ చాప్ అనుకుని వచ్చాను, ఇది వేరే లా,” అని తన స్నేహితురాలితో అంటోంది.

వెనకాల టేబుల్ దగ్గర పిన్ని వెల్లుల్లి ఒలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి. బటాంగ్ బెర్జుంటై దగ్గర తోటలో పుట్టి, పెళ్లయ్యాక కూడా చాలాకాలం రబ్బరు పాలు తీసిన మనిషి. నన్ను చూసి లేవలేదు. మెట్ల పక్కన ఉన్న సంచిని గడ్డంతో చూపించింది. అప్పటికే సర్దేసుకుంది.

“తిన్నావా సరోజా? పోదుమా?”

“ఇవాళ నావల్ల కాదు పిన్నీ. రేప్పొద్దున్నే వెళ్దాం.”

“రేపు బేగి ఎల్లిపోవాల. ఆయన రాకముందే.”

మూడు తర్వాత కొట్టు కాసేపు మూస్తారు. పిన్ని నన్ను పైకి తీసుకెళ్లింది. రెండు గదులు, ఒక హాలు, ఒక మూల పిన్ని సొంత వంటిల్లు. అక్కడే దేవుడి అర. ఆ వంటింట్లో మాంసం వండరు, మాంసం ముట్టుకున్న చేత్తో ఎవరూ లోపలికి రారు. కింద రోజంతా కోడిమాంసంతో పనిచేసే లూసియా కూడా స్నానం చేశాకే అడుగుపెడుతుందట. హాల్లో కిటికీ పక్కన కొత్త మంచం, దాని మీద కొత్త దుప్పటి వేసి ఉన్నాయి. వియ్యంకుడి కోసం వేసిన మంచం అదే. పిన్ని గది పిన్నికే ఉంది. లక్ష్మి అనుకున్నది ఒక్కచూపుతో తప్పని తేలిపోయింది. మరైతే ఈ సంచి ఎందుకో నాకు అర్థం కాలేదు. అడిగాను.

పిన్ని మెట్ల వైపు ఒకసారి చూసి చెప్పింది.

“ఆ ముసిలాయన పెళ్లాం పోయి ఒంటిగున్నాడు. అది పోయినప్పుడు ఈ పిల్ల ఓడ మీదున్నాది, ఎల్లలేకపోయినాది. ఇప్పుడు ఇన్నాళ్లకి అయ్య ఇమానం ఎక్కి వస్తన్నాడు. కూతురు ఆయనకి నచ్చింది వండి పెట్టుకోవాల గదా. ఆళ్లు తినేది ఆవు. నానింట్ల ఉంటే ఈ పిల్ల వండదు. ఎప్పుడూ అడగలేదు, ఒక్కపాలి కూడా. నాను లేకపోతే నాకు కనబడదు. ఆళ్లు సుకంగా తింతారు.”

“ఈ మాట లూసియాకి చెప్పావా?”

“సెప్తే ఎల్లనిస్తాదేటి?”

“సూరికి?”

“ఆడికి సెప్తే దానికి సెప్పినట్టే.” నా చెయ్యి పట్టుకుంది. “నువ్వు నోరిప్పకు అమ్మీ.”

సరేనన్నాను. కానీ రెండు గంటలు తిరక్కుండానే ఆ మాట మీద నిలబడటం కష్టమైంది.

అయిదు గంటల వేళ కింద లూసియా సాయంత్రం బేరానికి మాంసం సిద్ధం చేస్తోంది. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. పల్చటి ముక్కని గుడ్డులో ముంచి, రొట్టెపొడిలో వేసి, అరచేత్తో గట్టిగా ఒత్తి, తిప్పి మళ్లీ ఒత్తుతోంది. నాలుగైదు ముక్కలయ్యాక ఒత్తడం ఆపేసింది.

“వొదినా, నాను ఏటి సేసినాను?”

“ఏమైంది?”

“అమ్మ ఎల్లిపోతంది. మా నాన్న వచ్చే రోజే. మూడేళ్లు ఫోన్‌లో నాన్నకి అమ్మ గురించే సెప్పినాను. అమ్మకి సాల్వా తెస్తన్నాడు, మా ఊరి ఉన్నిది. ఇక్కడ ఎండకి ఉన్ని ఏటికి నాన్నా అంటే ఇనలేదు. ఇప్పుడొచ్చి అమ్మ ఏదీ అంటే ఏటి సెప్పాల? మీకు నచ్చలేదా మా నాన్న? సూడకుండానే?”

కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. చేతులకి గుడ్డు, పొడి ఉండటం వల్ల తుడుచుకోలేక భుజానికి ముఖం రుద్దుకుంది. పిన్నికి మాటిచ్చానని నాకు గుర్తుంది. కానీ ఆ ముఖం చూస్తూ ఊరుకోవడం నావల్ల కాలేదు. చెప్పేశాను, ఉన్నదున్నట్టుగా.

లూసియా విన్నది. చేతులు కడుక్కుంది. స్టవ్ కట్టేసి మెట్లెక్కింది. నేనూ వెనకే వెళ్లాను.

“అమ్మా, నాను ఆవు వండుతానని ఎవలు సెప్పినారు?”

పిన్ని మొదట నావైపు చూసింది. ఆ చూపుకి నేను తల దించుకున్నాను.

“ఎవలూ సెప్పనేదు. నానే అనుకున్నాను. నీ కన్నతండ్రి కదే పిల్లా.”

“మా నాన్న ఆవు కోసం రాలేదు. ఆవు ఆయనింటి కాడే ఉన్నాది. మనం ఎలాగ బతుకుతన్నామో సూడ్డానికి వస్తన్నాడు. నువ్వు నేకపోతే ఏటి సూస్తాడు? మంచం సూస్తాడా?”

“ఆయన నోరు కట్టీసుకోవాలేటి నా కోసం?”

“నువ్వు నా కోసం ఇల్లు ఒగ్గేసి పోతావా మరి?”

ఇద్దరూ గట్టిగానే మాట్లాడుతున్నారు. ఇంతలో బజారు నుంచి సూరి వచ్చాడు. ఏం జరుగుతోందో తెలుసుకుని, గుమ్మంలోనే చేతిలో ఉల్లిపాయల సంచితో నిలబడిపోయాడు. తర్వాత నెమ్మదిగా, మామగారిని ఆదివారం క్లాంగ్‌లో ఆవు మాంసం పెట్టే హోటల్‌కి తీసుకెళ్లడానికి తను ఎప్పుడో టేబుల్ చెప్పి ఉంచానని బయటపెట్టాడు. ఆ సంగతి తల్లికీ తెలీదు, పెళ్లానికీ తెలీదు.

“నాకేటికి సెప్పలేదు?” లూసియా అంది.

“సెప్తే నువ్వొద్దంటావని.”

పిన్ని ముగ్గురినీ చూసింది. “బాగున్నాది. ఒకలికి తెలీకుండా ఒకలు మంచి సేసీసుకుంటన్నారు,” అని మంచం మీద కూలబడింది. ముందు నవ్వింది సూరి. కాసేపటికి లూసియా కూడా నవ్వింది. పిన్ని మాత్రం నవ్వలేదు. వెళుతున్నానని గాని ఉంటున్నానని గాని చెప్పలేదు. సంచి మెట్ల పక్కనే ఉంది. నేను పిన్ని గదిలో చాప మీద పడుకున్నాను.

శనివారం కొట్టు తియ్యలేదు. విమానాశ్రయం బంటింగ్‌కి దగ్గరే. సూరి పొద్దున్నే వెళ్లి మామగారిని తెచ్చేసరికి పదకొండయింది. అప్పటిదాకా పిన్ని స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, కింద కొట్లో కుర్చీలో కూర్చుంది. ఉంటున్నదని దాన్నిబట్టే మాకు తెలిసింది.

ఆయన పేరు రామోన్. ముప్పయ్యేళ్లకు పైగా సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. పొడుగు మనిషి, తెల్లమీసం. విమానంలో కూర్చుని కూర్చుని పాదాలు ఉబ్బి, బూటు లేసులు విప్పేసి ఉన్నాయి. కూతురిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఇద్దరూ ఏడ్చారు. తర్వాత ఆయన కళ్లు తుడుచుకుని పిన్ని వైపు వచ్చాడు. పిన్ని రెండు చేతులూ జోడించింది. ఆయన ఆ చేతులు పట్టుకుని, వంగి, ఆమె చెంప మీద ముద్దు పెట్టేశాడు.

వాళ్ల దేశంలో పలకరింపు అదే. లూసియా “నాన్నా!” అని అరిచే లోపలే అయిపోయింది. సూరి నేల చూపులు చూస్తున్నాడు. పిన్ని కదల్లేదు.  కాసేపటికి పిన్ని చీర కొంగుతో చెంప తుడుచుకుంది.

“సరే లా. కూకోమను. కాళ్లు సూడు ఎలాగ పొంగిపోనాయో. నీళ్లియ్యండి రామన్నకి.”

ఆయన పేరు ఆ క్షణం నుంచి రామన్న అయిపోయింది. ఎదురుగా అన్నయ్యగారూ అని పిలిచింది. అంటే ఏమిటని ఆయన అడిగితే, సొంత అన్న అన్నట్టే అని లూసియా చెప్పింది. వియ్యంకుడిని మేం అలాగే పిలుస్తాం. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు.

భోజనానికి రెండు టేబుళ్లు కలిపారు. లూసియా తండ్రి ముందు మిలనేసా పెట్టి ఎదురుగా నిలబడింది. మూడేళ్లుగా ఊరంతటికీ పెడుతున్న వంట అది. తండ్రి ఇప్పుడే తింటున్నాడు. ఆయన ఒక ముక్క కోసి, నమిలి, ఇంకో ముక్క కోసి, స్పానిష్‌లో ఏదో అన్నాడు. లూసియా ముఖం ఎర్రబడింది. తెలుగులో చెప్పలేదు.

“ఏటంటన్నాడు?” పిన్ని అడిగింది.

“ఏటీ నేదు.”

“సెప్పు.”

“కోడి మిలనేసా మా ఊర్ల జొరం వచ్చినోళ్లకి పెడతారంట. తనకి జొరం ఉన్నాదా అంటన్నాడు.”

నేను పిన్ని ముఖం చూడలేకపోయాను. అయితే రామోన్ పళ్లెం మాత్రం వదల్లేదు. సంబల్ అంటే ఏమిటో తెలియక చెంచాడు వేసుకున్నాడు. ముఖమంతా చెమట. నీళ్లు తాగి, మళ్లీ వేసుకున్నాడు. మొదటిది పూర్తిచేసి, రెండోది ఉందా అని చేత్తో అడిగాడు. ఈసారి ఆయన అన్నది లూసియా తనంతట తనే చెప్పింది. జబ్బుమనిషికి ఇంత మంచిది పెట్టే ఆసుపత్రి ఉంటే ఇంటికి పోనన్నాడట. ఆమె కళ్లు తడిసే ఉన్నాయి, ఆగకుండా నవ్వుతోంది.

అప్పుడు ఆయన పిన్ని పళ్లెం చూశాడు. అన్నం, సాంబారు, ఒక కూర. మిలనేసా ఎందుకు తినదని అడిగాడు. శనివారం అమ్మ మాంసం, గుడ్డు ముట్టదని కూతురు చెప్పింది. ప్రతి శనివారమా అని ఆయన అడిగితే, “పెళ్లైన కాడ్నుంచి,” అని పిన్ని జవాబిచ్చింది. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. లేచి, వంటింటి పక్కన కూరగాయల బుట్టలోంచి రెండు పొడుగు వంకాయలు తీసుకొచ్చాడు.

“అమ్మకి తను సేసి పెడతాడంట,” లూసియా అంది. “వంకాయతో. మా ఊర్ల అది కూడా సేస్తారు.”

“కింద నూనెల సేస్తే నాను తినను.”

“పైన నీ వంటింట్ల సేయనీ అమ్మా,” అన్నాడు సూరి.

 ఆ వంటిల్లు సంగతి మా అందరికీ తెలుసు. నిన్నటిదాకా ఆయన తిండికి దూరంగా పోదామని సంచి సర్దుకున్న మనిషి పిన్ని. ఆయన వంకాయలు పట్టుకుని జవాబు కోసం చూస్తున్నాడు. పిన్ని ఆయన ముఖం చూసింది, ఆయన చేతులు చూసింది.

“తానం సేసి రమ్మను,” అంది.

ఆయన మారుమాట్లాడకుండా వెళ్లి స్నానం చేశాడు. బట్టల పెట్టె ఇంకా కారులోనే ఉంది. సూరి గళ్ల లుంగీ ఒకటి చుట్టుకుని, జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, తడి తలతో వచ్చాడు. ముందుగా పిన్ని ఆ లుంగీ ఎలా ముడెయ్యాలో సూరికి చెప్పి కట్టించింది. తర్వాత తన కత్తిపీట పక్కన పెట్టి చాకు ఇచ్చింది. తన మూకుడు ఇచ్చింది. వంకాయని పొడుగ్గా, పల్చగా ఎంత బాగా కోశాడో! ఉప్పు చల్లి, నీరు పిండి, గుడ్డు కోసం చెయ్యి చాపాడు. పిన్ని ఆ చేతికి అడ్డంగా తన చెయ్యి పెట్టింది.

“గుడ్డు కాదు.”

ఆయన ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. గుడ్డు లేకుండా పొడి ఎలా అంటుకుంటుందని అడుగుతున్నాడని లూసియా చెప్పింది. పిన్ని శనగపిండి డబ్బా దించి, ఇంత నీళ్లు పోసి జారుగా కలిపి ఆయన ముందుకి తోసింది. అనుమానంగానే ముంచాడు. రొట్టెపొడి అద్దాడు. నూనెలో వేశాడు. పిన్ని పక్కనే నిలబడి మంట తగ్గించింది, ఆయన పెంచాడు, ఆమె మళ్లీ తగ్గించింది.

మొదటి ముక్క పిన్నికే ఇచ్చాడు. ఊది, కొరికింది. మేమంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నాం.

“ఏటిది, బజ్జీ కదా!” అంది.

లూసియా పడీపడీ నవ్వింది. ఆయనకి అర్థం కాలేదు. మిలనేసా, మిలనేసా అంటున్నాడు. పిన్ని బజ్జీ, బజ్జీ అంటోంది. మాటలతో తేలదని పిన్ని మిగిలిన వంకాయని తన పద్ధతిలో పిండిలో ముంచి, పొడి లేకుండా వేసి చూపించింది. ఆయన తిని, ఇది మెత్తగా ఉంది, నాది కరకరలాడుతుంది అని చేతులతో చెప్పాడు. పిన్ని ఒప్పుకోలేదు. కానీ ఆయన చేసినవి మూడు తింది. ఎంతో ఇష్టమైతే తప్ప ఆమె ఏదీ రెండోసారి వేసుకోదు.

సాయంత్రం నాలుగు వేళకి అందరం టీ తాగుతున్నప్పుడు పిన్ని సూరిని పిలిచింది.

“రేపు క్లాంగ్ తీసుకెళ్లు అన్నియ్యని. టేబుల్ సెప్పినావు కదా. తిననీ. తిని వచ్చి తానం సేస్తే సాలు.”

సూరి తల్లి ముఖంలోకి చూశాడు. “నీకు పర్లేదా అమ్మా?”

“నా వంట ఆయన తిన్నాడు. ఆయన వంట నాను తిన్నాను. ఇంకేటి?”

ఆ తర్వాత మెట్ల పక్క సంచి తీసుకెళ్లి, చీరలు మళ్లీ బీరువాలో పెట్టుకుంది. వియ్యంకుడు తెచ్చిన ఉన్ని శాలువ కూడా అందులోనే పెట్టింది. దాన్ని అంతకుముందే ఫ్యాన్ కింద ఒక నిమిషం కప్పుకుని చూపించి, ఉక్కపోతకి వెంటనే తీసేసింది.

ఆదివారం పొద్దున్న నేను బయల్దేరాను. క్లాంగ్ దాకా బస్సు అక్కర్లేకపోయింది. సూరి, మామగారు, లూసియా అటే వెళుతున్నారు కాబట్టి కారులో స్టేషన్ దగ్గర దింపారు. బయల్దేరేముందు పిన్ని కారు కిటికీలోంచి నా తల నిమిరింది. నోరిప్పకమ్మా అంటే ఇప్పేశావు కదా అని ఒక్కసారీ అనలేదు. “లచ్చిమికి సెప్పు,” అని మాత్రం మొదలుపెట్టి, కొంగు సర్దుకుని, “నాకు ఇక్కడ సుకంగా ఉన్నాదని సెప్పకు, అది బాధపడతాది. దాన్ని సూడాలనుందని సెప్పు. దాన్నే రమ్మను,” అంది. స్టేషన్ దగ్గర రామోన్ దిగి నాకు ఎదురుగా నిలబడ్డాడు. ముద్దు పెట్టబోయి, గుర్తొచ్చి ఆగి, చేతులు జోడించాడు. నేనే చెంప ముందుకి పెట్టాను.

తిరుగు రైలు మధ్యాహ్నానిది. నా సీటు పక్కన ఎవరూ లేరు. నా ఒళ్లో లూసియా కట్టిచ్చిన పొట్లం ఇంకా వెచ్చగా ఉంది. బంటింగ్‌లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. రైల్లో పెద్దాయన చెప్పింది నిజమే. కానీ ఎవరైనా అటు వెళితే ఆ కొట్టుకి వెళ్లమంటాను. మధ్యాహ్నం మూడింటిలోపు వెళ్లాలి, లేదా సాయంత్రం. గుడ్లు వేసింది బాగుంటుంది. శనివారాలు మాంసం తిననివాళ్లు వెళ్లి, ఇకమీదట కొట్లో కూడా పెడదామనుకున్న వంకాయది అడగవచ్చు, వేరే మూకుట్లో వేయిస్తారు. నల్లబల్ల మీద దాని పేరు ఏం రాయాలన్నది నేను వచ్చేసరికి ఇంకా తేలలేదు. తెలుగులో మాట్లాడితే లూసియాకి సంతోషం.

ఇపోలో లక్ష్మి కారు తెచ్చుకుని స్టేషన్ బయట నిలబడి ఉంది. నేను ఒక్కదాన్నే మెట్లు దిగడం దూరం నుంచే చూసింది.

“అమ్మేది?”

“రాలేదు. ఉంటానంది.”

“నాను రూమ్ కడిగి, కొత్త కర్టెన్ ఏసినాను అక్కా.” నా వెనకాల మెట్ల వైపు మళ్లీ చూసింది. “వాళ్లు పంపలేదా?”

“వాళ్లసలు పొమ్మననేలేదు. అమ్మకి అమ్మ గది ఉంది. ఆయన హాల్లో పడుకున్నాడు.” కారెక్కి, జరిగింది మొదటినుంచీ చెప్పాను. ఆవు సంగతి, సంచి సంగతి, వంకాయ సంగతి, ముద్దు సంగతి కూడా. ముద్దు దగ్గర ఒక్కసారి నావైపు తిరిగింది.  “నిన్ను చూడాలనుందని చెప్పమంది. నిన్నే రమ్మంది,” అన్నాను.

కారు స్టేషన్ ముందు నుంచి మెయిన్ రోడ్డెక్కింది. సిగ్నల్ పడింది. లక్ష్మి స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ ఉండిపోయింది. ఎర్ర లైటు పచ్చ అయింది, వెనకాల ఎవరో హారన్ కొట్టారు. కారు ముందుకి పోనిచ్చాక అడిగింది.

“క్లాంగ్ నుంచి బంటింగ్‌కి శనివారం బస్సు ఉంటాదా అక్కా?”